పసుపు చీటీ డబ్బాలు

ఆ రోజు ఉదయం పదిన్నరకు ఇమేజింగ్ గదిలో ఉన్నవాళ్లు, ఉన్నవి: మా విభాగం అధిపతి, మేమంతా మేడం అని పిలిచే ఆవిడ. మందు కంపెనీ తరఫున ముంబై నుంచి విమానంలో వచ్చిన పెద్దమనిషి ఒకరు. నేను. ఎలుకల గదిని చూసుకునే చాచా, నీలం గౌను, టోపీ, మాస్కుతో గోడకు ఆనుకొని. బీరువా అంత నల్ల పెట్టె ఒకటి, దాని పైభాగంలో మైనస్ తొంభై డిగ్రీలకు చల్లబరిచిన కెమెరా. మత్తు వాయువు సిలిండర్ ఒకటి. పసుపు చీటీ అంటించిన డబ్బాలో నుంచి తీసిన బొచ్చు లేని ఎలుకలు మూడు, మత్తులో, ఒకదాని పక్కన ఒకటి. ఆ గదిలో ఉండకూడని టీ కప్పులు మూడు. మనుషులం నలుగురం. చాచాకు టీ రాలేదు.

2011 సెప్టెంబరు. షామీర్‌పేట దాటాక గుట్టల మధ్య వెలసిన పరిశోధన సంస్థల్లో ఒకదానిలో నాకు రెండో ఏడు. పొద్దున ఎనిమిదింటికి మేడ్చల్‌లో కంపెనీ బస్సు ఎక్కి, సాయంత్రం ఆరున్నరకు అక్కడే దిగేవాణ్ని. ఎంటెక్‌లో చదివింది సూక్ష్మ రేణువుల గురించే కాబట్టి ఆ పనిలోనే పెట్టారు.

ఆ పని గురించి కొంత చెప్పాలి. మేం తయారుచేసే రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇసుకలో ఉండే పదార్థంతోనే చేస్తాం. దానిలో మూడు ఉంటాయి. ఒకటి వెలిగే రంగు. ఆ వెలుగు మన కంటికి అందదు గానీ చర్మం దాటి బయటికి వస్తుంది, కెమెరా పట్టుకుంటుంది. రెండోది క్యాన్సర్ మందు. మూడోది చిరునామా. రేణువు పైన ఫోలిక్ ఆమ్లం అతికిస్తాం, గర్భిణులకు మాత్రలుగా ఇచ్చే విటమినే. కొన్ని రకాల క్యాన్సర్ కణాలకు ఆ విటమిన్ మీద విపరీతమైన ఆకలి, దాన్ని పట్టుకునే కొక్కేలు వాటి ఒంటి నిండా ఉంటాయి. విటమిన్ అనుకొని రేణువును లాక్కుంటాయి. మందు లోపలికి పోతుంది. గడ్డ ఎక్కడుందో కెమెరాలో వెలిగి కనిపిస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది. ఎలుక తినే తిండిలో అదే విటమిన్ ఉంటే ఆ కొక్కేలన్నీ ముందే నిండిపోతాయి, రేణువుకు చోటు దొరకదు. అందుకని ఆ విటమిన్ తీసేసి చేసిన తెల్లటి మేత తెప్పించి, ప్రయోగానికి మూడు వారాల ముందు మొదలుపెట్టి చివరిదాకా అదొక్కటే పెడతాం. ఆ మేతలో ఆకు అనేదే ఉండదు. అదీ అవసరమే. ఆకులోని పచ్చదనం కూడా ఆ కెమెరాకు వెలుగులాగే కనిపిస్తుంది.

ఎలుకలు ఇరవై నాలుగు. డబ్బాకు మూడు, డబ్బాలు ఎనిమిది. ఒక్కొక్క ఎలుక కుడి తుంటి మీద చర్మం కింద క్యాన్సర్ కణాలు ఎక్కించి గడ్డ పెంచాం. తెల్ల చీటీ రెండు డబ్బాలకు ఉప్పునీళ్లు. నీలం రెంటికి ఒట్టి మందు. ఎరుపు రెంటికి చిరునామా లేని రేణువు. పసుపు రెంటికి చిరునామా, మందు, వెలుగు మూడూ ఉన్న రేణువు. ఏ రంగు ఏమిటో ఎలుకల గదిలో పనిచేసేవాళ్లకు తెలియకూడదని ప్రయోగ పత్రంలో ఉంది. తెలిస్తే చెయ్యి తేడాగా పడుతుంది. తెలిసినవాళ్లలో నేనొకణ్ని.

మొదటి ఇంజెక్షన్ మర్నాడు తీసిన బొమ్మల్లో పసుపు చీటీ ఎలుకల ఆరు గడ్డలూ వెలిగాయి, ఒళ్లంతా చీకటి, తుంటి మీద మాత్రం చింతగింజంత వెలుగు. ఆ బొమ్మలు చూసే ముంబై పెద్దమనిషి బయల్దేరి వచ్చాడు. ఇది పదిహేనో రోజు, మూడో ఇంజెక్షన్ మర్నాడు.

నేను మీట నొక్కాను. నాలుగు సెకన్లకు తెర మీద బొమ్మ వచ్చింది. మూడు ఎలుకల కడుపులూ మండిపోతున్నాయి. గడ్డలు ఉండాల్సిన చోట దాదాపు చీకటి.

రెండో డబ్బాలోని మూడింటినీ పెట్టి చూశాం. అవీ అంతే. పెద్దమనిషి ఇంగ్లిష్‌లో ఒకే ప్రశ్న అడిగాడు: మీ మందు గడ్డకు వెళ్లేదా, పేగులకా? మేడం నా వైపు తిరిగి తెలుగులో అంది.

"ఏమయ్యా, దాని మీద అడ్రసు రాసే పంపావా? గడ్డ ఇంట్లో లేదని పక్కింట్లో ఇచ్చి వచ్చినట్టుందే."

నవ్వాను. నవ్వకపోతే ఇంకొకటి అంటుంది. అప్పుడు గోడ దగ్గరి నుంచి చాచా మెల్లగా అన్నాడు.

"మొన్నటికన్న మస్తు ఎలుగుతాంది గద సారూ."

మాస్కు పైన ఆయన కళ్లు నవ్వుతున్నాయి. వెలుగు ఎక్కువుంటే మందు బాగా పనిచేసినట్టని ఆయన లెక్క.

"చూశావా, మన డేటా ఈయనొక్కడికి నచ్చింది," అంది మేడం. పెద్దమనిషికి అదే ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పింది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతున్నారు కాబట్టి చాచా కూడా నవ్వాడు.

చాచా అని ఆయన్ని పిలిచేది మేమే. ఆయన ఊరు షామీర్‌పేట అవతల, మా సంస్థకు సైకిల్ మీద అరగంట. రెండు బర్రెలు, వాటి కోసం ముప్పావు ఎకరంలో లూసర్న్ గడ్డి. ఎలుకల గదిలో ఆరేళ్లు రోజు కూలీగా చేశాక కంపెనీ ఉద్యోగిగా తీసుకున్నారు. దాంతో ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా కార్డు వచ్చింది. కార్డు చేతికొచ్చిన ఏడాదికి ఆయన భార్యకు రొమ్ములో గడ్డ బయటపడింది. వాళ్లది తెల్ల రేషన్ కార్డు కాదు, గులాబీది, ఆరోగ్యశ్రీ వర్తించదు. సర్కారు దవాఖానలో వరుస పొడుగు. కంపెనీ కార్డు మీద నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాడు. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులకొకసారి మందు ఎక్కించాలి. మొత్తం ఆరు సార్లు. ఆ సెప్టెంబరు పన్నెండుకు నాలుగు అయ్యాయి.

ఆమెకు ఎక్కించే మందూ మా రేణువుల్లో నింపే మందూ ఒకటే. నారింజ ఎరుపు రంగులో ఉంటుంది. చాచా దాన్ని నా చేతిలో సీసాలో చూసి గుర్తుపట్టాడు.

"గిది మా ఆమెకు ఎక్కించేదే గద సారూ. గీ ఎర్రనీళ్లు."

అవునన్నాను. ఒట్టి మందు ఒళ్లంతా తిరిగి జుట్టు ఊడగొడుతుంది, వాంతులు చేయిస్తుంది, గుండెను కూడా తడుతుంది. రేణువులో పెడితే గడ్డకే పోతుంది, అదీ మా ప్రయత్నం అని చెప్పాను. ఆమెకు ఆ రేణువు ఎప్పుడు దొరుకుతుందని అడిగాడు. ఎలుకల్లో గెలిస్తే ఇంకో జంతువు, తర్వాత మనుషులు, అంతా సరిగ్గా జరిగితే పదేళ్లు అన్నాను.

"పదేండ్లా. ఎలుకలకైతే జల్దీనే ఇస్తున్రు గదా," అన్నాడు. తర్వాత డబ్బాల వైపు చూసి, "మా ఆమెకన్న గీటి నసీబే మంచిగున్నది."

ఆ ఎలుకలు ఇంకో నాలుగు వారాలకు చంపబడతాయని ఆయనకు తెలుసు. ఆయనే చంపేవాడు.

ఆమెను నేను ఒకసారి చూశాను. షామీర్‌పేట బస్టాపులో, నాలుగో మందుకు నగరానికి పోతూ, తలకు దుపట్టా గట్టిగా చుట్టుకొని. కనుబొమలు లేవు. తెలంగాణ బంద్ పిలుపు ఉందేమోనని ఆ రోజు మా బస్సు అక్కడే ఆపేశారు. చాచా పరిచయం చేశాడు.

"మీరేనా సారూ ఎలుకల డాక్టరు?" అంది ఆమె. "ఇంట్ల కూసున్నా గదే ముచ్చట. పిల్లల పుట్టిన రోజులు మర్సిండు గని ఎలుకల నంబర్లు మరువడు. నేను గూడ ఓ డబ్బాల కూసుంటే మంచిగ సూస్కుంటడేమో."

చాచా సిగ్గుపడ్డాడు. ఆమె నవ్వుతూ దగ్గింది.

ఇక ముంబై పెద్దమనిషి వెళ్లిన సాయంత్రం. ఏం జరిగి ఉండొచ్చో కాగితం మీద తొమ్మిది కారణాలు రాసుకున్నాను. రేణువు చెడిపోవడం, ఇంజెక్షన్ సిర తప్పడం, కెమెరా అద్దం, మత్తు వాయువు, ఇట్లా. కడుపులో వెలుగు కాబట్టి మేత ఆరో కారణం. మేత సంచుల నంబర్లు సరిపోయాయి. ఎలుకల గదిలోకి పోయే ప్రతిదీ ముందు ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టించి పోవాలి. అందుకని ఆటోక్లేవ్ రిజిస్టర్ తీశాను. దాన్ని ఎవరూ చదవరు. ఏడాదికొకసారి తనిఖీకి వచ్చినవాళ్లు పేజీలు లెక్కపెట్టి సంతకం పెడతారు.

సెప్టెంబరు ఆరు నుంచి ప్రతిరోజూ ఒక వరుస ఉంది, చాచా చేతిరాత, గుండ్రటి తెలుగు అక్షరాలు: నీళ్ల సీసాలు 8, గడ్డి 1 సంచి. మళ్లీ: నీళ్ల సీసాలు 8, గడ్డి 1 సంచి. పద్నాలుగు రోజులు, పద్నాలుగు వరుసలు. బంద్ రోజున బస్సు రాక మేమెవరం లేనప్పుడు కూడా ఆయన సైకిల్ మీద వచ్చి ఆ వరుస రాశాడు. ఏ పని చేసినా రిజిస్టర్‌లో రాయాలని, రాయని పని జరగనట్టేనని ఆయనకు నేర్పింది నేనే.

ఆటోక్లేవ్ గదిలో ఉడికిన గడ్డి వాసన ఉంది. వారం నుంచీ ఉంది. ఆయన బట్టలకంటిన పశువుల దాణా వాసన అనుకున్నాను.

ఆయన సీసాలు కడుగుతున్నాడు. అడిగాను. దాచలేదు. అసలు దాచాల్సిందని కూడా ఆయనకు తోచలేదు. ఆయన చెప్పింది వరుసగా ఇది. తెల్ల మేత మొదలుపెట్టినప్పుడు ఇదేందని అడిగితే పథ్యమని నేనే చెప్పాను. నిజమే, చెప్పాను. ఫోలిక్ ఆమ్లం గురించి చెప్పడానికి అప్పుడు ఓపిక లేకపోయింది. మందు పడేదాకా పథ్యం సరే. మందు పడ్డాక బలం కావాలి. ఇంట్లో ఆమెకు మందు పడ్డాక రక్తం తగ్గితే డాక్టరు ఆకుకూర తినమన్నాడు. పాలకూర తిన్నాక లేచి కూర్చుంది. ఎలుకలు చూస్తే మందు పడ్డాక కూడా ఒట్టి తెల్ల గోలీలే తింటున్నాయి. పాలకూరైతే కొనాలి, లూసర్న్ ఇంట్లోనే ఉంది. లేత చివుళ్లు తుంచి, మూడు నీళ్లలో కడిగి, ఆవిరి పట్టించి, డబ్బాకు చిటికెడు.

"అన్ని డబ్బాలకా?"

"లే సారూ. పసుప్పచ్చ చీటీలయే."

"అవే ఎందుకు?"

ఆయన నా ముఖం చూశాడు, నాకు తెలియదా అన్నట్టు. "గవి గెలవాలె గదా. గెలిస్తే మందు జల్దీ బయటికొస్తదంటిరి."

పసుపు చీటీవే అసలు మందని ఆయనకు ఎట్లా తెలిసిందో కూడా చెప్పాలి. రంజాన్ పండుగ మర్నాడు స్టీలు టిఫిన్‌లో షీర్ ఖుర్మా తెచ్చాడు. గౌన్లు మార్చుకునే గదిలో నిలబడి తిన్నాను. నేను తింటుంటే ఆయన అడిగాడు, రోజూ అడిగే ప్రశ్నే, ఏ రంగుది అసలు మందు అని. రోజూ చెప్పకూడదనేవాణ్ని. ఆ రోజు నోట్లో ఖర్జూరం ఉంది. పసుపు అన్నాను. ఒక మాట. టిఫిన్ ఖాళీ చేసి ఇచ్చాను.

ఇప్పుడు ఆయన తడి చేతులతో నిలబడి ఉండగా నేను అంతా వివరించాను. అప్పుడు లేని ఓపిక ఇప్పుడు వచ్చింది. గడ్డిలో ఉన్నది ఏ విటమినో, కొక్కేలు ఎట్లా నిండిపోతాయో, కడుపులో వెలిగింది మందు కాదు గడ్డి పసరని, ఒక్కొక్కటీ చెప్పాను. గడ్డి పెట్టకపోతే ఆరు ఎలుకలూ మొదటి బొమ్మలాగే వెలిగేవని చెప్పాను. నీ చేత్తోనే అడ్డం పెట్టినవు చాచా అన్నాను. ఆ చివరి మాట అవసరం లేదు.

ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. తడి చేతులు తుడుచుకొని అడిగాడు.

"గట్లయితే మా ఆమెకు గూడ పాలకూర బంద్ చెయ్యాల్నా సారూ?"

అవసరం లేదు. ఆమెకు ఎక్కించేది ఒట్టి మందు, దానికి చిరునామా లేదు, ఆకుకూరతో దానికి పని లేదు. ఈ జవాబుకు పది సెకన్లు చాలు. బయట బస్సు హారన్ కొడుతోంది.

"డాక్టర్ని అడుగు," అని వెళ్లిపోయాను.

రెండు రోజుల తర్వాత విచారణ. గదిలో మేడం, హెచ్ఆర్ ఆయన, నేను, చాచా. కుర్చీలు నాలుగు ఉన్నా చాచా కూర్చోలేదు, ఎవరూ కూర్చోమనలేదు. మేడం ముందు ఆయన శిక్షణ ఫైలు ఉంది. పద్నాలుగు పత్రాలు, అన్నీ ఇంగ్లిష్‌లో, ప్రతిదాని చివర "చదివి అర్థం చేసుకున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం, దాని కింద ఆయన తెలుగు సంతకం. మేత గురించిన పత్రం పదకొండోది. ఆయనకు ఇంగ్లిష్ రాదు. పద్నాలుగు సంతకాలూ ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర నిలబెట్టి పెట్టించింది నేను. పేజీలు నేనే తిప్పాను.

"ఇది నీ సంతకమేనా?" అంది మేడం.

"నాదే మేడం."

"చదివే పెట్టావా?"

"సారు పెట్టుమన్నరు, పెట్టిన."

"ఆయన బావిలో దూకమంటే దూకుతావా?" అని, జవాబు కోసం చూడకుండా ఇంకో కాగితం తీసింది. పసుపు డబ్బాలకే ఎందుకు పెట్టావని అడిగింది. ప్రయోగం సంగతి తెలిసినవాళ్లకు అసలు ప్రశ్న అదే. రంగుల గుట్టు బయటపడితే తప్పు ఎలుకల గదిది కాదు, గుట్టు తెలిసినవాడిది.

చాచా నా వైపు చూడలేదు. నేల చూస్తూ అన్నాడు.

"గవి తలుపు పక్కకే ఉన్నయ్ మేడం. చేతికందినయ్."

అబద్ధం. పసుపు డబ్బాలు లోపలి అరలో ఉండేవి, మేడం ఆ గదిలోకి వచ్చి ఏడాది దాటింది. ఆమె నన్ను చూసింది. అవునన్నట్టు తల ఊపి, ఆ మాటే రాసుకున్నాను.

చివర్లో ఏమైనా చెప్పుకుంటావా అని హెచ్ఆర్ ఆయన అడిగాడు. చాచా కార్డు గురించి చెప్పాడు. నాలుగయ్యాయి, రెండున్నాయి. రెండు నెలలు ఉంచుకోండి, జీతం వద్దు, బాత్రూములు కడుగుతా, కార్డు ఒక్కటి ఉండనివ్వండి అన్నాడు. హెచ్ఆర్ ఆయన మేడంను చూశాడు.

"ఇరవై నాలుగు ఎలుకలు, ఏడు వారాలు పోయాయి," అంది మేడం. "నీ భార్య సంగతి బాధాకరమే. కానీ కార్డు ఇచ్చేది ఉద్యోగానికి. జబ్బుకు కాదు."

గొంతు పెంచలేదు. నిజానికి ఆ మాట బీమా పత్రంలో ఉన్నదే.

నా లిఖిత నివేదిక అందాకే చర్య తీసుకుంటామని హెచ్ఆర్ ఆయన చెప్పాడు. బయట మెట్ల దగ్గర చాచా నా కోసం ఆగాడు. ఆ నివేదికకు ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. ముప్పై పనిదినాల గడువు ఉందన్నాను. ఆయన వేళ్ల మీద లెక్కవేసి జేబులో నుంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఆసుపత్రి ఇచ్చిన మందు చీటీ జిరాక్సు.

"ఐదోది వచ్చే నెల మూడున. ఆరోది ఇరవై నాలుగున. గా దాంక నూకుండ్రి సారూ. లేటైతే మిమ్ములనెవలడగరు. గీ కాగితం గూడ రిపోర్టుకు కుట్టుండ్రి, ఎవలన్న జూస్తే జెర రహెమ్ పుడ్తదేమో."

"చూస్తా చాచా."

"మీరున్నరు గదా," అన్నాడు. "నేను మీ పేరు దియ్యలే."

అది బెదిరింపు కాదు. ఆయనకు బెదిరించడం రాదు. మర్యాదగా గుర్తుచేశాడంతే. నేను దాన్ని బెదిరింపుగానే తీసుకున్నాను.

ఇంటికి వచ్చి క్యాలెండర్ చూశాను. మధ్యలో దసరా సెలవులు. ముప్పై పనిదినాలంటే నవంబరు మొదటి వారం. మూడో తారీఖూ ఇరవై నాలుగూ రెండూ గడువు లోపలే పడతాయి. నేను చేయాల్సింది ఏమీ లేదు. ఏమీ చేయకుండా ఉంటే చాలు. తర్వాత ఇంకో జాబితా రాశాను. ఒకటి, నివేదిక ఆలస్యమైతే ముంబై నుంచి ప్రశ్నలు వస్తాయి. రెండు, ప్రశ్నలు వచ్చేకొద్దీ పసుపే ఎందుకని ఇంకొకరు అడుగుతారు, లోపలి అర ఎవరో ఒకరు చూస్తారు. మూడు, నా ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం అక్టోబరులో రావాలి. ఆయన భార్య నాలుగో అంశంగా రావాల్సింది. మూడు దగ్గరే ఆపాను.

మూడో రోజు నివేదిక ఇచ్చాను. నాలుగు పేజీలు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎట్లా తెలిసింది, రుజువు ఏమిటి. రుజువుగా ఆటోక్లేవ్ రిజిస్టర్‌లోని పద్నాలుగు వరుసల జిరాక్సు జతచేశాను. ఏడో ప్రశ్న: ఎలుకల గది సిబ్బందికి గుంపుల వివరం తెలిసే అవకాశం ఉందా? లేదు, అని రాశాను. చాచా ఇచ్చిన కాగితం కుట్టలేదు. మేడం నివేదిక చదివి, ఇంత త్వరగా ఇంత శుభ్రంగా ఎవరూ రాయలేదని మెచ్చుకుంది.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన ఆయన్ని తీసేశారు. కార్డు ఆ సాయంత్రంతో ఆగిపోయింది. ఐదో మందుకు ఇంకా ఐదు రోజులు ఉంది. గేటు దగ్గర గౌను, బూట్లు, కార్డు తిరిగి తీసుకొని సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం కూడా ఇంగ్లిష్‌లోనే ఉంది.

ప్రయోగం చెడింది కాబట్టి ఎలుకల్ని ఉంచి లాభం లేదు. చంపడానికి చాచా లేడు, నేనే చేశాను. డబ్బా తర్వాత డబ్బా వాయువు పెట్టెలో పెట్టి, మీట తిప్పి, ఐదు నిమిషాలు గడియారం చూడటం. ముందు తూకం వేశాను, పత్రంలో ఆ గడి ఉంది కాబట్టి. పసుపు చీటీవి మిగతావాటి కంటే సగటున గ్రామున్నర ఎక్కువ తూగాయి. వాటి కళ్లు కూడా తేటగా ఉన్నాయి. అది రాయడానికి గడి లేదు.

జనవరిలో కొత్త ఎలుకలతో మళ్లీ చేశాం. పసుపు చీటీకి బదులు ఊదా చీటీ. గడ్డలు వెలిగాయి, ఆరుకు ఆరు. ముంబై నుంచి అభినందనలు వచ్చాయి. నా ఉద్యోగం అప్పటికే ఖాయమైంది.

ఆ ఎండాకాలం మేడ్చల్ మార్కెట్ దగ్గర చాచా కనిపించాడు. మోపెడ్‌కు రెండు వైపులా లూసర్న్ కట్టలు, పాల డెయిరీల వాళ్లకు అమ్ముతున్నాడు. నేను పక్కకు తప్పుకునేలోపే చూశాడు. సలాం చేసి, మంచిగున్నరా సారూ అన్నాడు. ఎలుకలు ఎట్లున్నయని అడిగాడు. ఈసారి గెలిచాయని చెప్పాను.

"మంచిదాయె," అన్నాడు, నిజంగానే.

ఆమె గురించి నేను అడగలేదు. ఆయనే చెప్పాడు, కట్టల తాళ్లు బిగిస్తూ. కార్డు పోయాక సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. పాత కాగితాలు పనికిరావని పరీక్షలన్నీ మొదటి నుంచీ చేయించుకోమన్నారు. తేదీ దొరికేసరికి గడ్డ కాలేయానికి పాకింది. ఇంక మందు ఎక్కించి లాభం లేదన్నారు. మాఘమాసం చలిలో పోయింది.

"పాలకూర గూడ బంద్ చేసినం సారూ, మీరు చెప్పినంక," అన్నాడు. "అడుగుతుండె పాపం, జెరంత వండుమని. నేనే వద్దంటి. మందుకు అడ్డమైతదని."

బంద్ చేయమని నేను చెప్పలేదు. డాక్టర్ని అడగమన్నాను. ఆ తేడా ఆయనకు వివరించబోయి, ఆపేశాను. ఒక కట్ట కావాలని ఎవరో మోపెడ్ దగ్గరకు వచ్చారు. ఆయన అటు తిరిగాడు.

ఆ రెండు మందులూ పడి ఉంటే ఆమె బతికేదా అంటే ఎవరూ చెప్పలేరు. నాకు తెలిసిన లెక్కల్లో ఒక్కరిని చూసి ఏదీ తేల్చకూడదు. ఈ వాక్యం నేను చాలాసార్లు రాసి, చాలాసార్లు కొట్టేశాను.

2014లో ఆ ఉద్యోగం మానేసినప్పుడు బల్ల సొరుగు ఖాళీ చేశాను. అందులో ఉన్నవి: కొలతల పరికరం ఒకటి, మేడం సంతకంతో ప్రశంసాపత్రం ఒకటి, ఎండిపోయిన మార్కర్లు మూడు, మడత పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి. ఆసుపత్రి పేరు మడతలో చెరిగిపోయింది. దాని కింద వరుసగా గడులు ఉన్నాయి, మందు ఎక్కించిన తేదీకి, నర్సు పొట్టి సంతకానికి.

గడులు ఆరు. నిండినవి నాలుగు.